నీలం మూత చట్టి

మా ఊరి పేరు రాయను. ఊరికి నేను చేసింది చాలు. ఒంగోలు నుంచి పడమరగా పోతే వచ్చే మెట్ట ఊళ్ళలో ఒకటి అనుకోండి. వానలు తక్కువ, గేదెలు ఎక్కువ.

అక్కడి పాలకేంద్రంలో ఇరవయ్యారేళ్ళు నేను వెన్నశాతం చూశాను. పొద్దునా సాయంత్రం క్యాన్లతో జనం వరసకట్టేవాళ్ళు. పాలు కలియబెట్టి కాసిని తీసి మిషన్లో పెట్టి అంకె చెప్పడం నా పని. ఆరున్నర, ఏడు, ఏడుంపావు. రోజు మొత్తం మీద నా నోట్లోంచి మాటలకన్నా అంకెలే ఎక్కువ వచ్చేవి. నా అంకె మీద ఎవరూ తగువు పెట్టుకోలేదు. మాలకొండయ్య చెప్పాడంటే అంతే అనేవాళ్ళు. ఆ మాట నాకు ఇష్టంగా ఉండేది. ఈ కథంతా ఆ ఇష్టంలోంచే వచ్చింది.

హైమవతమ్మ మా ఊరికి వచ్చింది చావుల వల్ల. మూడేళ్ళలో పదకొండు మంది గుండె ఆగి పోయారు. అందులో నలుగురు యాభై నిండనివాళ్ళు. ఆమె పాల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో శాస్త్రవేత్త. నలభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు, కాళ్ళకి బూట్లు. ఇంటింటికీ తిరిగి నెత్తురు తీయించింది. పది మందిలో ఏడుగురికి కొలెస్ట్రాల్ హద్దు దాటి ఉంది. కొంత వంశం నుంచి వచ్చిందట, మిగతాది తిండి నుంచట. నాకు రెండువందల అరవై ఎనిమిది. మా అక్క మొగుడు చెంచయ్య బావకి మూడువందల పన్నెండు. ఆ కాగితం చూసి బావ, పాలల్లో ఇంతుంటే నాకు బోనస్ రాసేవాడివి గదా బామ్మర్దీ అన్నాడు.

అప్పటికే ఊళ్ళో సగం మంది మందుల షాపు వాళ్ళని పోషిస్తున్నారు. వెల్లుల్లి గోలీలు, చేపనూనె గోలీలు, అవిసెగింజల పొడి. బావ పొద్దున చేపనూనె గోలీ మింగి మధ్యాహ్నం వేటమాంసం కొవ్వుతో సహా తినేవాడు. మందు లోపలుందిగా, అదే చూసుకుంటుంది అనేవాడు. హైమవతమ్మ గోలీలని ఏమీ అనలేదు. డాక్టరు రాసిన బిళ్ళ మాత్రం మానొద్దంది. వేపుళ్ళు, కాచిన నూనె మళ్ళీ కాచడం తగ్గించి, పప్పులు, ఆకుకూరలు, కొర్రలు పెంచి రోజూ నడవమంది. అందరూ తలూపారు. తలూపడానికి నూనె ఖర్చు లేదు.

ఆమె అసలు తెచ్చింది ఒక సీసా.

కేంద్రం వెనక పాత దాణా గదికి సున్నం వేయించి, అందులో ఒక ఫ్రిజ్జు, ఒక వెచ్చటి పెట్టె, గాజు గొట్టాలు పెట్టుకుంది. ఒకరోజు ఊళ్ళో నలుగురినీ పిలిచింది. ఉపన్యాసం ఇస్తుందనుకున్నాం. కోడిగుడ్డు పగలగొట్టింది. పచ్చసొన తీసి నీళ్ళల్లో గిలక్కొడితే మబ్బులాంటి నీళ్ళు తయారయ్యాయి. రెండు గొట్టాల్లో సమానంగా పోసింది. ఒకదాంట్లో మా ఇంటి పెరుగు చెంచాడు వేసింది. రెండోదాంట్లో తన సీసాలోది చెంచాడు. వెచ్చటి పెట్టెలో పెట్టి తాళం వేసి తాళంచెవి సర్పంచి చేతికిచ్చింది.

మర్నాడు తీస్తే మా పెరుగు వేసిన గొట్టం మబ్బుగానే ఉంది. రెండోది తేటపడింది. గొట్టం వెనక ఆమె వేళ్ళు కనిపించాయి.

అది పాలు తోడుకునేట్టు చేసే పురుగేనట. దాని గుణం కొంచెం మార్చారట. పెరుగుతో పాటు లోపలికి పోయి పేగుల్లో కాపురం పెడుతుంది. కాలేయం పైత్యంతో పాటు పేగులోకి వదిలే కొలెస్ట్రాల్‌ని ఒళ్ళు మళ్ళీ పీల్చుకోకముందే ఇది తినేస్తుంది. లోటు తీర్చుకోవడానికి కాలేయం నెత్తుట్లోది లాక్కుంటుంది. మా అక్క కోటమ్మ అంతా విని, అయితే వెన్నదొంగే అంది. ఆ పేరే నిలిచిపోయింది.

ఎవరో అడిగారు, అంత చెడ్డదాన్ని ఒళ్ళు ఎందుకు తయారుచేసుకుంటుంది అని. హైమవతమ్మ అది చెడ్డది కాదంది. ఒంట్లో ప్రతి కణం గోడకీ అది కావాలి, నరాల పైపూతకీ కావాలి, కడుపులో బిడ్డ తయారవడానికి మరీ కావాలి, ఎక్కువైనప్పుడే నాళాల్లో పేరుకుంటుంది అంది.

అప్పుడు నేను గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాను. ప్రతి మాటా విన్నాను. వినలేదని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

అరవై ఇళ్ళు ఒప్పుకున్నాయి. ముప్పై ఇళ్ళకి నీలం మూత చట్టి, ముప్పై ఇళ్ళకి ఎర్రమూత చట్టి. ఒకదాంట్లో వెన్నదొంగ, ఒకదాంట్లో మామూలు తోడు. ఏ మూత ఏదో తనకే తెలియదనీ, రాసిన కాగితం పట్నంలో సీలు వేసిన కవర్లో ఉందనీ చెప్పింది. నియమాలు మూడు. తోడు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోకూడదు. పదిహేను రోజులకొకసారి చట్టి వేణ్ణీళ్ళతో కడిగి, ఆమె సీసాలోంచి కొత్త తోడు వెయ్యాలి. వాడిందే వాడుతూ పోతే ఆ పురుగు మొండిదైపోతుంది, ఎంత తింటుందో చెప్పలేం అంది. మూడోది, ఇంట్లో ఎవరైనా నీళ్ళోసుకుని కడుపుతో ఉంటే ఆ రోజే చెప్పాలి, ఆ ఇంటికి ఆపేస్తాం అంది.

ఈ నియమాలు చూసుకునే పనికి నన్ను పెట్టుకుంది. పట్నం నుంచి వాళ్ళ పెద్దాయన వచ్చినప్పుడు నన్ను చూపించి, మా మాలకొండయ్యగారు చెప్పారంటే రాసేసుకోవచ్చు అంది. నేను ఏడో తరగతి దాకా చదివాను. నా పేరు చివర గారు పెట్టిన మొదటి మనిషి ఆమె.

ఆమెకి మా ఊరి గురించి ఒకటి తెలియదు. మా పక్క తోడు అడిగితే లేదనరు. దీపాలు పెట్టాక ఇవ్వరు గానీ పొద్దున ఎవరు గిన్నెతో వచ్చినా చెంచాడు వేసి పంపిస్తారు. ఏళ్ళ తరబడి మాటల్లేని ఇళ్ళ మధ్య కూడా తోడు నడుస్తుంది. అలాగే ఇంటి తోడు తెగకూడదంటారు. మా అమ్మ కాపురానికొస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్న తోడే ఆమె పోయేదాకా మా ఇంట్లో నడిచింది. పదిహేను రోజులకొకసారి చట్టి కడిగెయ్యమంటే ఆడవాళ్ళ మొహాలు ఎట్టా అయ్యాయో నేను చూశాను. రాసుకోవాల్సిన సంగతి అనిపించలేదు.

రెండో నెలలో నేను ఒక పని చేశాను. ఇంటి పెరట్లో రెండు గాజు గ్లాసుల్లో కోడిగుడ్డు సొన నీళ్ళు పోసి, ఒకదాంట్లో ఎర్రమూత పెరుగు, ఒకదాంట్లో నీలం మూత పెరుగు వేసి, పొట్టుబుట్టలో వెచ్చగా పెట్టాను. బంగారంలాంటి గుడ్డు పాడుచేశానని మా ఇంటావిడ వెంగమ్మ తిట్టింది. తెల్లారి చూస్తే నీలం మూతది తేటపడింది. పట్నంలో సీలు వేసిన కవర్లో ఏముందో నాకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం నాకు కష్టమైన పని కాదు.

మా ఇంటికి వచ్చింది నీలం. అక్క ఇంటికి వచ్చింది ఎర్ర.

జ్యేష్ఠమాసంలో ఒక పొద్దున బావ క్యాను మోసుకొచ్చి కేంద్రం మెట్ల మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. ఎడమ దవడ పట్టుకుని కూర్చున్నాడు. ఆటోలో వేసి తీసుకుపోయాం. పెద్దాస్పత్రిలో రెండు నాళాలు మూసుకుపోయాయని చెప్పి, ఒకదానికి గొట్టం వేసి, రెండోదానికి బిళ్ళలతో చూద్దాం, కొలెస్ట్రాల్ దించకపోతే కష్టం అన్నారు. బిళ్ళలేమో బావకి పడలేదు. కండరాలు పీకేసేవి. రెండు రోజులు వేసుకుని మూడు రోజులు మానేసేవాడు. అక్క నన్ను పక్కకి పిలిచి, ఏదో ఒకటి చెయ్యరా తమ్ముడూ అంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమె నన్నేదైనా అడగడం అదే మొదలు.

మర్నాడు పొద్దున మా నీలం మూత చట్టిలోంచి ఒక గిన్నెడు పెరుగు తీసుకుపోయాను. చిన్న స్టీలు గిన్నె, అంచు మీద చుక్కలు చుక్కలుగా వెంగమ్మ పేరు కొట్టించి ఉంటుంది. ఇది తోడెయ్యి, అసలుది ఇదీ అని అక్కకి చెప్పాను. బావకీ చెప్పాను. బావ నవ్వి, దొంగని మా కొంపకి దొంగతనంగా తెచ్చావా బామ్మర్దీ అన్నాడు. గిన్నె అక్కడే ఉండిపోయింది. అడగలేదు. ఒకరింటి నుంచి వచ్చిన గిన్నె మావాళ్ళు ఖాళీగా తిరిగివ్వరు. ఇంట్లో ఏమీ లేకపోతే రెండు పచ్చిమిరపకాయలైనా వేసి ఇస్తారు. వీలు చూసుకుని అక్కే పంపిస్తుందిలే అనుకున్నాను.

పదిహేను రోజులకొకసారి ఆ ఇంటికి చట్టి కడగడానికి పోయేవాణ్ణి. కడిగేవాణ్ణి కాదు. మంచినీళ్ళు తాగి, బావతో కాసేపు కూర్చుని, కడిగినట్టు పుస్తకంలో రాసుకుని వచ్చేవాణ్ణి.

బావ కోలుకున్నాడు. నాలుగు నెలలకి నూట డెబ్బైకి దిగాడు. కార్తీకంలో కొండ ఎక్కి దిగి, మోకాళ్ళు తప్ప అన్నీ కుర్రవేనన్నాడు. అక్క ఇంట్లో పెరుగు కత్తితో కోస్తే ముక్కలుగా వచ్చేంత గట్టిగా, తియ్యగా తోడుకునేది. అది చూసి వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చింది. మా అక్క ఎవరికీ లేదనలేదు. లేదనమని నేనూ చెప్పలేదు. ఆ చెంచాలు ఎన్ని ఇళ్ళు తిరిగాయో. ఊళ్ళో జనానికి ధైర్యం కూడా వచ్చింది. బజ్జీల కొట్టు రెండయ్యాయి. నెయ్యి వేసుకుని, వెన్నదొంగకి మేత అనేవాళ్ళు.

ఆ నెలలోనే హైమవతమ్మ నెత్తురు ఫలితాలు ముందేసుకుని కూర్చుంది. నన్ను దాణా గదిలోకి పిలిచి కుర్చీ చూపించింది. నీలం మూతలూ దిగాయి, ఎర్రమూతలూ దిగాయి. ఎర్రమూతల్లో కొందరు నీలం వాళ్ళకన్నా ఎక్కువ దిగారు. ఇది ఎట్టా జరుగుతుందో ఆమెకి అర్థం కాలేదు.

"మాలకొండయ్యగారూ, ఇళ్ళ మధ్య తోడు ఇచ్చిపుచ్చుకోవడం ఏమైనా జరిగిందా?"

"లేదమ్మా" అన్నాను.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మీరు లేదన్నారంటే లేదు అంది. నడక వల్లా, తిండి మార్పు వల్లా అయి ఉంటుంది, లేకపోతే మా మిషన్లో ఏదో తప్పుంది అని రాసుకుంది. ఆమె రాస్తున్నంతసేపూ నేను ఆ కలం వంక చూశాను. ఆ కలం ఆగకముందు ఒక్క మాట చాలు. కేంద్రంలో నా అంకె తప్పని ఇరవయ్యారేళ్ళలో నేనెప్పుడూ అనుకోవాల్సి రాలేదు. ఎట్టా అనుకోవాలో నాకు తెలియలేదు.

అక్క కోడలు మల్లీశ్వరి. కొడుకు లారీ మీద తిరుగుతాడు, నెలకి ఆరు రోజులు ఇంట్లో ఉంటాడు. ఆ పిల్ల కనిగిరి పక్క నుంచి వచ్చింది. నవ్వు మొహం, నోరు కాస్త ఎక్కువ. నన్ను బాబాయ్ అంటుంది. మార్గశిరంలో అక్క మా ఇంటికొచ్చి, పిల్లకి మూడో నెల వెళ్ళింది, ఇప్పుడు చెప్పుకోవచ్చు అని చెప్పి, వెంగమ్మ చేతిలో బెల్లం పెట్టి పోయింది. మా పక్క మూడో నెల వెళ్ళేదాకా బయట చెప్పుకోరు.

వెంగమ్మ అందులోంచి నా చేతిలో పెట్టిన ముక్క నేను నోట్లో వేసుకోలేదు.

అదే రోజు హైమవతమ్మకి చెప్పాను. అంత వరకూ నియమం ప్రకారమే చేశాను. ఆమె పుస్తకంలో అక్క ఇంటి పేరు కొట్టేసి, చట్టి కడిగించి మామూలు తోడు వేయించండి అంది. చెయ్యాల్సింది అంతే. ఫ్రిజ్జులో ఎర్రమూత సీసా ఉంది. అది పట్టుకుని పోయాను.

అక్క వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చట్టి కడిగి ఇది వేద్దాం అన్నాను. ఆమె సీసా వంక, నా వంక చూసి, మీ బావకి మళ్ళీ ఆ నొప్పి రావాలంటరా అంది. లోపల నుంచి బావ, వాడికి మా కొంపలో దొంగ ఉండటం ఓర్వలేనట్టుంది అన్నాడు. నేను ఇంకో దారి వెతికాను. పోనీ బావకి ఈ చట్టే ఉంచి, అమ్మాయికి వేరే చట్టిలో తోడెయ్యమన్నాను.

అక్క చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"ఒక కొంపలో రెండు పెరుగు చట్లు ఎక్కడన్నా ఉన్నాయంటరా? కోడల్ని వేరు కాపురం పెట్టించడానికొచ్చావా?"

మా పక్క రెండో చట్టి పెట్టడమంటే వేరుపడ్డట్టే. అన్నదమ్ములు పంచుకున్న రోజున మొదట వేరయ్యేది పెరుగు చట్టే. అది నాకు తెలియక కాదు. ఎందుకో చెబితే అక్క ఒక్క క్షణం ఆగేది కాదు, చట్టి తీసుకెళ్ళి పెంటమీద పగలగొట్టేది. ఎందుకో చెప్పాలంటే ఇన్నాళ్ళూ చట్టి కడగకుండా కడిగినట్టు రాశానని చెప్పాలి. హైమవతమ్మకి లేదని చెప్పానని చెప్పాలి. అది ఊరంతా తెలుస్తుంది.

మల్లీశ్వరి అప్పుడే పళ్ళెం పట్టుకుని బయటికొచ్చింది. పెరుగన్నం, నంజుకి మాగాయ ముక్క. ఇంకేది తిన్నా కక్కుకుంటోందనీ అది ఒక్కటే ఇముడుతోందనీ అక్క చెప్పింది. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని తింటూ, బాబాయ్‌కి నేను పెరుగు తినడం ఇష్టం లేనట్టుందత్తా, వాళ్ళ గేదె పాలు ఏమన్నా అడిగామా అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఈ నెలకి పోనీలే అనుకున్నాను. సీసా జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ నెల పోయింది, ఇంకో నెల వచ్చింది. అక్క కోడలికి రెండు పూటలా పెరుగన్నమే పెట్టింది. ఐదో నెలలో గాజులు తొడిగారు. నేను వెళ్ళి అక్షింతలు వేశాను. ఆ పిల్ల వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది.

ఎనిమిదో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. కిలోన్నర కూడా లేదు. ఏడుపు పిల్లికూనలా ఉంది. రొమ్ము పట్టదు, పట్టినా పీల్చే బలం లేదు. గుంటూరు తీసుకుపోయి అద్దాల పెట్టెలో పెట్టారు. అక్కడ డాక్టర్లు తల్లికీ పిల్లకీ నెత్తురు పరీక్ష చేసి ఇద్దరిలోనూ కొలెస్ట్రాల్ ఇంత తక్కువ మేమెప్పుడూ చూడలేదన్నారు. ఏం తింటున్నారని అడిగారు. పెరుగన్నం అంది అక్క.

హైమవతమ్మకి కబురు ఎట్టా తెలిసిందో తెలిసింది. కారేసుకుని అక్క ఇంటికి పోయి, చట్టిలోంచి పెరుగు తీసుకుని, దాణా గదిలో గుడ్డు పగలగొట్టింది. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. తెల్లారేదాకా ఆగక్కర్లేకపోయింది. మూడు గంటల్లో గొట్టం నీళ్ళలా అయిపోయింది. ఆమె సీసాలోది అంత తేట కావడానికి పన్నెండు గంటలు పట్టేది. ఏడాదిగా చట్టి తెగకుండా నడిచి, ఆ పురుగు ఆమె చేసిన పురుగులా లేదు.

ఆమె బయటికొచ్చి నా ముందు నిలబడింది. నేనే అంతా చెప్పాను. గ్లాసుల్లో గుడ్డు సొన దగ్గర నుంచి జేబులో సీసా దాకా. నా జన్మలో ఒక్కసారిగా అంత మాట్లాడింది అదే. చెప్పడం అయ్యాక ఊళ్ళో ఎక్కడో క్యాను కిందపెట్టిన చప్పుడు వినిపించింది.

"నేను అడిగాను కదండీ" అంది ఆమె.

అంతే అంది. తర్వాత, అడిగి ఊరుకున్నాను, చట్లు పరీక్షించి ఉండాల్సింది అని తనలో తను అనుకుంది. ఆ సాయంత్రమే పట్నానికి తప్పంతా రాసి పంపింది. తన పేరు కిందే పంపింది. నా పేరు పక్కన గారు ఉంచే రాసిందని తర్వాత తెలిసింది. అది చూసి ఉంటే తట్టుకునేవాణ్ణి కాదు.

ఊళ్ళో చట్లన్నీ పరీక్షిస్తే నూట నలభై ఇళ్ళలో తొంభై ఆరింట ఆ పురుగే ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. వాళ్ళకి నెలలు తక్కువ, సమయానికి తెలిసింది. ఇద్దరికీ పిల్లలు బాగానే పుట్టారు. ఆ మాట చెప్పి నన్ను నేను ఓదార్చుకోవడం మానేశాను.

మట్టిచట్లు కడిగితే పోదు, పగలగొట్టాలంది హైమవతమ్మ. స్టీలువి మరిగించాలి. ఆ తర్వాత వేరే ఊరి నుంచి మామూలు తోడు తెచ్చి ఇంటింటికీ ఇవ్వాలి. మనుషుల్ని పంపిస్తానంది. నేను వద్దన్నాను.

బస్సెక్కి నలభై మైళ్ళు పోయి, తెలియని ఊళ్ళో ఒక ఇంటి ముందు క్యాను పట్టుకుని నిలబడ్డాను. ఒక ముసలమ్మ బయటికొచ్చింది. తోడు కావాలన్నాను. ఎక్కడి నుంచి వచ్చానో అడిగి చెప్పాక నన్ను కింద నుంచి పైకి చూసింది.

"ఏం నాయనా, మీ ఊళ్ళో తోడు లేదా?"

"లేదమ్మా" అన్నాను.

ఆ మాటే అంతకుముందు ఒకసారి అన్నాను. ఈసారి నిజం. ఆమె ఇంకేమీ అడక్కుండా తన చట్టిలోంచి సగం క్యానులోకి వంచింది. డబ్బులివ్వబోతే, పాపం, తోడు అమ్ముకుంటామా అంది.

నాలుగు రోజులు ఇంటింటికీ తిరిగాను. ప్రతి గడపలోనూ ఒకే మాట చెప్పాను. నేను చేసింది ఇదీ, మీ చట్టి ఇవ్వండి, ఇది తోడేసుకోండి అని. కొందరు తిట్టారు. ఒకామె నా కాళ్ళ ముందు ఉమ్మేసింది. ఒకాయన మాత్రం, పోనీలే మాలకొండయ్యా, చెంచయ్య బతికాడుగా అన్నాడు. అన్నిటికన్నా ఆ మాట ఎక్కువ తగిలింది. ఊరి బయట పెంటదిబ్బ మీద చట్టిపెంకులు కుప్పపడ్డాయి. కాకులు కూడా వాలాయి.

అక్క ఇల్లు చివరికి పెట్టుకున్నాను. అప్పటికి పిల్లని ఇంటికి తెచ్చి పది రోజులైంది. ఊరంతా దేన్ని తగ్గించుకోవాలని గోలీలు మింగిందో దాన్నే ఆ పిల్లకి చుక్కలు చుక్కలుగా మందు రూపంలో పోస్తున్నారు. ఇంకొంచెం పెద్దయ్యాక గుడ్డు పచ్చసొన పెట్టమన్నారట. మెడ ఎప్పటికి నిలబడుతుందో, మాట ఎప్పటికి వస్తుందో, వస్తుందో లేదో ఏడాది పోతే గానీ చెప్పలేం అన్నారట.

బావ వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పక్కకి జరగలేదు. ఇదివరకు ఎప్పుడొచ్చినా జరిగి చోటిచ్చేవాడు. నేను నేల మీద కూర్చున్నాను. ఎండ గడప దాకా వచ్చింది.

"చెప్పుంటే నేను పోయేవాణ్ణి గదరా. అంతేగా" అన్నాడు బావ.

ఆయన సంగతి తెలిసిన రోజు నుంచి మజ్జిగ కూడా ముట్టలేదని అక్క తర్వాత చెప్పింది. ఉప్పు లేని గంజి తాగి, కండరాలు పీకినా బిళ్ళ వేసుకుని, పొద్దున నాలుగు మైళ్ళు నడుస్తున్నాడు. ముందే ఇట్టా చేసి ఉంటే మా ఇంట్లోకి ఏ దొంగా వచ్చేది కాదు అన్నాడట.

మల్లీశ్వరి లోపల నుంచి వచ్చింది. భుజం మీద పిల్ల. తల వాలిపోకుండా అరచేత్తో వెనక ఆనించి పట్టుకుంది. ఆ చెయ్యి తియ్యడానికి వీల్లేదు. నేను క్యాను మూత తీసి, కొత్త తోడు తెచ్చాను అమ్మాయ్, వేరే ఊరిది, పరీక్ష చేయించాను అన్నాను. పరీక్ష అన్న మాట నా నోట్లోంచి రావడం నాకే వినబుద్ధి కాలేదు.

ఆమె క్యాను వంక చూడలేదు.

"మేం మానేశాం బాబాయ్" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. బాబాయ్ అనకపోయినా బాగుండేది. ఆమె లోపలికి పోయి, ఖాళీగా ఉన్న చేత్తో ఒక గిన్నె తెచ్చి నా ముందు అరుగు మీద పెట్టింది. అంచు మీద చుక్కలుగా వెంగమ్మ పేరు. ఏడాదిగా ఆ ఇంట్లో ఉండిపోయిన గిన్నె. చింతపండు పెట్టి తోమినట్టుంది, తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు.

దాన్ని తీసుకుని ఇంటికి వచ్చాను. దారిలో ఇద్దరు ముగ్గురు ఎదురై నా చేతిలో గిన్నె వంక చూశారు. చేత్తో మూసుకోవచ్చు. మూసుకోలేదు.

వెంగమ్మ గడపలోనే అందుకుంది. లోపలికి చూసింది. వేలు పెట్టి అడుగు తడిమింది. వంటింట్లోకి తీసుకుపోయి అటక మీద బోర్లించి పెట్టింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.